దొరగారి ఇల్లు, కాందిశీకుని పర్ణశాల

మధ్య అండమానులో రంగత్ అనే ఊరున్నది. దాని చుట్టుపట్లనున్న గ్రామాల పేర్లు వినగానే తెలుగువానికి భద్రాద్రి ప్రాంతం స్ఫురిస్తుంది. పర్ణశాల, పంచవటి, మిథిల, జనకపురం, దశరథపురం, శబరి, ఊర్మిళాపురం - ఇవన్నీ అక్కడి ఊళ్ళే. వాటి నడుమ పొగడచెట్టు పేరిట బకుల్తలా, కడిమిచెట్టు పేరిట కదంతలా కూడ ఉన్నవి. దేశవిభజన ఫలితంగా తూర్పు బెంగాలునుంచి తరలివచ్చిన కాందిశీకులను 1949 మొదలుకొని ప్రభుత్వం అండమానులకు పంపినది. ఆ తరువాతి దశాబ్దంలో మధ్య అండమానులో అడవి కొట్టి భూములు పంచినారు. ఆ అడవి అంతకుముందు జారవాలు మొదలైన ఆదిమజాతులవారి వేటభూమి అన్న సత్యాన్ని మరువరాదు. వచ్చినవారు కర్రతో, వెదురుతో, ఆకుతో ఇళ్ళు వేసుకొన్నారు. రాజ్యాన్ని విడిచి వచ్చినవాని తొలి నివాసానికి రామాయణం పెట్టిన పేరు పర్ణశాల. ఇల్లు విడిచి వచ్చినవారి ఊరికి అంతకంటె తగిన పేరు లేదు.

రంగత్‌నుంచి దక్షిణంగా అడవిదారిని రమారమి 170 కిలోమీటర్లు పోతే రాజధానీ నగరం వస్తుంది. 2024 వరకు దాని పేరు పోర్టుబ్లెయిర్, ఇప్పుడు శ్రీవిజయపురం. ఆ రేవుముఖాన, కావలి కూర్చున్నట్లు, ఒక చిన్న దీవి ఉన్నది. సముద్ర సర్వేయరు డేనియల్ రాస్ పేరిట అది చాలకాలం రాస్ దీవి అనిపించుకొన్నది; 2018 డిసెంబరునుంచి నేతాజీ సుభాస్ చంద్రబోస్ ద్వీపమైనది. దాని ఉత్తరపు మిట్టమీద చీఫ్ కమిషనరు నివాసభవనం ఉండేది. ఇప్పుడు మిగిలినవి కప్పులేని గోడలు మాత్రమే. ఆ గోడలను మఱ్ఱిజాతి చెట్ల వేళ్ళు పెనవేసుకొని ఉన్నవి. గోడ చెట్టును మోస్తున్నదో, చెట్టు గోడను నిలబెడుతున్నదో చెప్పడం కష్టం.

ఆకులతో వేసిన కుటీరం ఊరై నిలిచినది; రాతితో కట్టిన భవనం అడవిలో కలిసినది. దీనికి భూకంపమో, యుద్ధమో, ఉప్పుగాలియో కారణమని చెప్పవచ్చును. అవి నిజమైన కారణాలే. కాని ఆ భవనం ఏ సంప్రదాయానికి చెందినదో, ఆ సంప్రదాయానికి పునాది ఏదో తెలిసినప్పుడే ఆ పతనం పూర్తిగా అర్థమవుతుంది. ఆ సంప్రదాయమే ఇంగ్లండులోని మేనరు గృహం.

ఇంగ్లీషు నవలలను తెనిగించేవారికి ఈ మాట తరచు ఎదురవుతుంది. తరచు ఇబ్బందీ పెడుతుంది. 'కోట' అంటే ముట్టడీ, సైన్యమూ స్ఫురిస్తవి. 'మేడ' అంటే అంతస్తు తప్ప మరేమీ తోచదు. 'భవంతి' అంటే వైభవం వస్తుంది గాని భూమి రాదు. మేనరుకు భూమే ప్రాణం. ఆ మాటకు మూలం 'నిలిచియుండుట' అనే అర్థంగల లాటిను ధాతువు. ఇంటికంటె ముందు అది ఒక ఏలుబడి పేరు: ఒక ప్రభువు, అతని సొంత కమతం, దాన్ని దున్నే రైతులు, వారి తగవులు తీర్చే అతని కచ్చేరి - ఇంత కలిస్తే ఒక మేనరు. ఆ ప్రభువు కాపురముండే ఇల్లు మేనరు గృహం. తెలుగుదేశంలో దీనికి సాటి వెదకితే కోస్తా జమీందారుల దివాణం కొంత దగ్గరకు వస్తుంది. తెలంగాణలోని దొరల గడి మరింత దగ్గరకు వస్తుంది. గడి అంటే కేవలం ఇల్లు కాదు. పంచాయితీ అక్కడే, ధాన్యపు గాదె అక్కడే, వెట్టికి పిలుపు వచ్చేదీ అక్కడినుంచే.

నార్మను విజేత విలియం 1086లో ఇంగ్లండు దేశపు భూములను లెక్క కట్టించినాడు. డూమ్స్‌డే గ్రంథమని ప్రసిద్ధికెక్కిన ఆ లెక్కలో మేనరే ముఖ్యమైన కొలత. ఏ మేనరు ఎవరిది, ఎన్ని నాగళ్ళున్నవి, ఎందరు రైతులున్నారు, మర ఎక్కడ, చేపల మడుగు ఎక్కడ - ఇవన్నీ అందులో ఎక్కినవి. 'విల్లెయిన్' అనిపించుకొన్న రైతు తన పొలం దున్నుకొనేందుకు ప్రతిగా వారంలో కొన్ని దినాలు ప్రభువు పొలంలో ఊరికే పనిచేయవలసినదే. పిండి ప్రభువు మరలోనే పట్టించవలె. కూతురి పెండ్లికి ప్రభువుకు రుసుము చెల్లించవలె. తెలుగువారికి దీనిని వేరే వివరించనవసరం లేదు; వెట్టి అన్న ఒక్క మాట చాలును.

ఈ సంబంధమే ఆ ఇంటి కట్టడంలో రూపం దాల్చినది. పాతకాలపు మేనరు గృహానికి నడుమ ఒక పెద్ద శాల ఉండేది. దానినే హాలు అన్నారు. నేల నడుమ పొయ్యి. పొగ పైకప్పులోని రంధ్రంగుండా పోయేది. ఒక కొసన ఎత్తయిన అరుగు; దానిమీద ప్రభువు, అతని కుటుంబం భోజనానికి కూర్చునేవారు. దిగువన బల్లలమీద పరివారం. రెండవ కొసన చెక్కతడిక, దాని వెనుక నడవ, నడవకు ఆవల ఒక గదిలో రొట్టె, మరొక గదిలో పీపాలలో మద్యం, వాటి వెనుక వంటశాల. మద్యపు పాత్రల పెత్తనం చేసే సేవకునికే బట్లరు అని పేరు. తెలుగువారు వెక్కిరించే 'బట్లరు ఇంగ్లీషు' ఈ గది గడపనుంచి బయలుదేరినదే.

ష్రాప్‌షైరులోని స్టోక్సే భవనం ఈ తొలిరూపానికి మంచి సాక్ష్యం. పదమూడవ శతాబ్ది చివర లడ్లో లారెన్సు అనే ఉన్ని వర్తకుడు దానిని కట్టించినాడు. 1291లో దానికి బురుజుపండ్లు పెట్టుకొనేందుకు రాజునుంచి అనుమతి పొందినాడు. కోటవలె కనిపించినా అది నిజంగా ఒక ధనికుని ఇల్లు. హాలు పక్కనున్న మేడగదిలోనికి ప్రభువు విశ్రాంతికి పోయేవాడు. ఆ గదిగోడలో పొయ్యికి ఇరుప్రక్కల చిన్న కిటికీలున్నవి. వాటినుంచి చూస్తే కింది హాలులో ఎవరేమి చేస్తున్నారో కనబడుతుంది. దొర విశ్రమించినా దొర చూపు విశ్రమించదన్నమాట.

కెంటు మండలంలోని పెన్స్‌హర్స్ట్ భవనానికి హాలు 1341లో లేచినది. నాలుగు పర్యాయాలు లండను మేయరైన వర్తకుడు జాన్ డి పుల్టెనీ దాని కర్త. అష్టకోణపు పొయ్యి నేటికీ ఆ హాలు నడుమనే ఉన్నది. కవి ఫిలిప్ సిడ్నీ 1554లో పుట్టినది ఆ ఇంటనే. తరువాత బెన్ జాన్సను ఆ ఇంటిమీద ఒక పద్యం రచించి 1616లో ప్రకటించినాడు. ఇంటిని పొగడుతూ వ్రాసే కవితాశాఖ ఒకటి ఇంగ్లీషులో దానినుంచి పెరిగినది. కాని కవులకంటె ముందే అక్కడి వడ్రంగి ఒక మాట చెప్పిపోయినాడు. హాలు కప్పుకు ఆధారమైన దూలాల కింద నిలువెత్తు మనుష్యుల చెక్కబొమ్మలున్నవి. అవి ప్రభువుల బొమ్మలు కావు. ఆ మేనరులో పనిచేసే సామాన్యుల రూపాలు. కప్పును వారే మోస్తున్నట్లు కనిపిస్తుంది. మేనరు గృహపు అసలు వాస్తురహస్యం అదే.

అయితే ఆ మోసేవారు కదలకుండా ఉండలేదు. 1348లో వచ్చిన మహామారికి ఇంగ్లండులో అసంఖ్యాకులు చనిపోగా పనివారికి గిరాకీ పెరిగినది. వెట్టి కట్లు సడలినవి. 1381లో రైతులు తిరుగబడినప్పుడు అనేక చోట్ల మేనరు కచ్చేరీ దస్తరాలను తెచ్చి తగులబెట్టినారు. తమ బానిసత్వం ఏ కాగితంలో ఉన్నదో వారికి బాగా తెలుసును. ఆ దస్తరపు నకలునుబట్టి భూమి అనుభవించే పద్ధతి మాత్రం మరి ఐదువందల ఏండ్లకు పైగా నిలిచి, 1922నాటి చట్టంతో రద్దయి, 1926 జనవరి 1నుంచి అంతరించినది.

సంబంధం మారుతుండగా ఇల్లు కూడ మారినది. పదునారవ శతాబ్దిలో గోడలోపలి పొయ్యి, ఇటుక పొగగూడు వ్యాపించినవి. ప్రభుకుటుంబం హాలులో పరివారంతో కలిసి తినడం మాని తమ గదులలోనికి తప్పుకొన్నది. అద్దం సంపదకు గుర్తయినది. 1590 దశకంలో రాబర్ట్ స్మిత్‌సన్ రూపకల్పనతో లేచిన హార్డ్విక్ భవనంలో గోడకంటె కిటికీలే ఎక్కువా అనిపిస్తుంది. హాలు క్రమంగా చిక్కి, అతిథులు అడుగుపెట్టే ముందుగది అయినది. ఊరంతా కూర్చున్న శాల పేరు నేడు తెలుగువారి ప్రతి చిన్న ఇంటిలోను ముందుగదికి నిలిచినది. 'హాల్లో కూర్చోండి' అనే గృహిణి నోట వేయేండ్ల చరిత్ర పలుకుతున్నది.

పదునేడవ శతాబ్దిలో ఇనిగో జోన్సు, పదునెనిమిదవ శతాబ్దిలో అతని అనుయాయులు ఇటలీ శిల్పి పల్లాడియో మార్గాన్ని ఇంగ్లండుకు తెచ్చినారు. అతని వాస్తుగ్రంథం 1570లో వెలువడినది. అప్పటినుంచి ఇంటికి ముందు దేవాలయంవలె స్తంభాల వరుస, పైన త్రికోణశిఖరం, ఇరువైపుల సరిసమానమైన రెక్కలు వచ్చినవి. ఇప్పుడు ఇల్లు పొలాన్ని చూడడం మాని, తన్ను చూడుమని పొలానికి ఆజ్ఞ ఇచ్చినట్లయినది. ఈ రూపమే సముద్రం దాటి హిందూదేశానికి వచ్చినది. డెర్బీషైరులోని కెడిల్‌స్టన్ భవనం నమూనామీద వెల్లెస్లీ కలకత్తాలో 1799-1803 నడుమ గవర్నమెంటు హౌసును కట్టించినాడు. ఒక శతాబ్ది గడచిన తరువాత, కెడిల్‌స్టన్ వంశంలోనే పుట్టిన కర్జను వైస్రాయియై వచ్చి, తన ఇంటికి ప్రతిబింబమైన ఆ భవనంలో నివసించినాడు.

తెలుగుగడ్డమీద ఈ రూపానికి గొప్ప ఉదాహరణ హైదరాబాదు కోఠీలోని రెసిడెన్సీ. రెసిడెంటు జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ ప్రోద్బలంతో, నిజాం ధనంతో, శామ్యూల్ రస్సెల్ అనే సైనిక ఇంజనీరు దానిని నిర్మించినాడు. 1803లో మొదలైన ఆ పని ముగియకముందే, 1805లో, కిర్క్‌పాట్రిక్ కలకత్తాలో చనిపోయినాడు. ముందు భాగాన ఎత్తయిన కొరింథియను స్తంభాలు, మెట్లకు ఇరువైపుల సింహాలు, లోపల దర్బారు శాల. దీనిని గురించి ఒక కథ ప్రచారంలో ఉన్నది. కిర్క్‌పాట్రిక్ తొలుత పెద్ద కాగితంమీద స్థలపు పటం గీయించి చూపగా నిజాం ఒప్పుకొనలేదట. అదే పటాన్ని చిన్న చీటీమీద గీయించి తెస్తే వెంటనే ఒప్పుకొన్నాడట; తన రాజ్యపు పటమంత పెద్దదిగా కనబడిన స్థలాన్ని పరాయివానికి ఇవ్వడానికి అతనికి మనసొప్పలేదట. కథ ఎంత నిజమైనా, అందులోని భయం నిజమైనదే. ఇంగ్లీషు దొర ఇల్లు అడిగితే వెనుక రాజ్యం కూడ పోతుంది.

ఆ ఇంటికి, రాస్ దీవిలోని ఇంటికి నడుమ ఒక మనిషి చరిత్ర వంతెనగా ఉన్నది. 1857 జులై 17న తుర్రెబాజ్ ఖాను, మౌల్వీ అల్లావుద్దీను నాయకత్వాన ప్రజలు రెసిడెన్సీమీద పడినారు. ఫిరంగుల ముందు ఆ దాడి నిలువలేదు. తుర్రెబాజ్ ఖాను 1859లో తూప్రాను సమీపాన హతుడైనాడు. అల్లావుద్దీనుకు ద్వీపాంతరవాస శిక్ష పడినది. అతడు అండమానులకు పోయి, అక్కడే కన్నుమూసినాడు. ఒక దొర ఇంటి ద్వారంమీద చేయివేసిన నేరానికి, మరొక దొర ఇల్లు ఏలే దీవులలో అతని జీవితం ముగిసినది.

ఆ దీవులలో ఇంగ్లీషువారి తొలి వలస 1789లో ఆర్చిబాల్డ్ బ్లెయిర్ నెలకొల్పినది. అది 1796లో మూతపడినది. తిరుగుబాటు అనంతరం 1858 మార్చి 10న డాక్టరు జేమ్స్ ప్యాటిసన్ వాకరు 200 మంది ఖైదీలతో దిగినాడు. రాస్ దీవి అధికారుల నివాసస్థానమైనది. అడవి నరికినవారు ఖైదీలు. రాయి మోసినవారు, ఇటుక కాల్చినవారు, దూలమెత్తినవారు ఖైదీలు. ఆ చిన్న దీవిమీద క్రమంగా చర్చి, రొట్టెల బట్టీ, ముద్రణాలయం, క్లబ్బు, టెన్నిసు ఆటస్థలం, శ్మశానవాటిక వెలసినవి. 1872నుంచి ప్రధానాధికారికి చీఫ్ కమిషనరు అని పేరు వచ్చినది. అతని నివాసం అందరికంటె ఎత్తున, ఉత్తరపు మిట్టమీద, తోటలనడుమ ఉండేది. ఇంగ్లండులో మేనరు గృహం, చర్చి, సేవకుల ఇళ్ళు ఏ వరుసలో ఉంటవో ఇక్కడా ఆ వరుస కనిపిస్తుంది. లేనివి రెండే: తరతరాలుగా ఆ భూమిని దున్నిన రైతు, ఆ భూమిలోనే పుట్టి పెరిగిన ప్రభువు. పని చేసేవాడు సంకెళ్ళతో వచ్చినవాడు. ఏలేవాడు బదిలీ ఉత్తరువుతో వచ్చినవాడు.

ఈ ఇంటి సుఖం ఎంత పలుచనిదో 1872 ఫిబ్రవరి 8న లోకానికి తెలిసినది. గవర్నరు జనరలు మేయో ఆ సాయంకాలం మౌంటు హారియెట్ కొండ ఎక్కి సూర్యాస్తమయం చూచి దిగి, హోప్‌టౌను రేవులో పడవ ఎక్కబోతుండగా షేర్ అలీ అనే ఖైదీ కత్తితో పొడిచి చంపినాడు. ఎంత కావలి ఉన్నా, మోసేవాని మనసుకు కావలి పెట్టడం సాధ్యం కాదు. 1906నాటికి ఎదుటి ఒడ్డున సెల్యులరు జైలు పూర్తి అయినది. దీవిమీద దీపాలు, ఒడ్డుమీద చీకటికొట్లు ఒకదానినొకటి చూచుకొంటూ ఉండేవి. తెలుగు మన్యంనుంచి కూడ అక్కడికి మనుష్యులు పోయినారు. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొర ఆ జైలులో శిక్ష అనుభవించి బయటికి వచ్చి, 1952లో విశాఖపట్నంనుంచి లోక్‌సభకు ఎన్నికైనాడు.

అండమానులలో అధికారి ఇంటిని బంగళా అనేవారు. ఈ మాటలో ఒక వింత ఉన్నది. బంగళా అంటే మొదట బెంగాలు పద్ధతి గుడిసె. వంగిన కప్పు, చుట్టూ వసారా. ఈ దేశపు ఎండవానలకు అదే తగినదని గ్రహించి ఇంగ్లీషువారు దానిని పెంచి, వెడల్పు చేసి, తమ హోదాకు తగినట్లు అలంకరించుకొని, తిరిగి ఈ దేశభాషలకు 'బంగళా' అని గొప్పింటి పేరుగా అప్పగించినారు. గుడిసె దొర చేతిలో పడి బంగళా అయినది. ఆ దొరలు వెళ్ళిపోయిన కొద్దియేండ్లకే బెంగాలు రైతు రంగత్ అడవిలో దిగి, ఆ మాటకు మూలమైన గుడిసెనే మళ్ళీ వేసుకొన్నాడు.

రాస్ దీవి పతనం వేగంగా జరిగినది. 1941 జూన్ 26న పెద్ద భూకంపం వచ్చి కట్టడాలు బీటలువారినవి. కార్యాలయాలు ఒడ్డుకు తరలినవి. 1942 మార్చి 23న జపానువారు దిగినారు. వారి కాలపు బంకర్లు నేటికీ దీవిమీద ఉన్నవి. 1943 డిసెంబరు 30న సుభాస్ చంద్రబోసు పోర్టుబ్లెయిరులో జాతీయపతాకం ఎగురవేసినాడు. 1945లో ఇంగ్లీషువారు తిరిగివచ్చినా ఆ మిట్టమీద ఇంటిని మళ్ళీ నిలబెట్టలేదు. 1979లో దీవి నౌకాదళం అధీనంలోనికి వచ్చేవరకు చెట్లే దానికి యజమానులు. భూకంపంలో బీటలిచ్చిన గోడను మరమ్మతు చేయడం అసాధ్యం కాదు. కాని ఆ ఇల్లు తనదని చెప్పుకొనేవాడు ఎవడు? కట్టినవానికి అది శిక్షకు గుర్తు. ఉన్నవానికి ఉద్యోగపు మజిలీ.

ఇంగ్లండులో కూడ ఇరువదవ శతాబ్దిలో వందలకొలది పెద్ద ఇళ్ళు కూలినవి. పన్నులు పెరిగినవి, పనివారు దొరకలేదు, వారసులు అమ్ముకొన్నారు. నిలిచినవాటిలో అనేకం ప్రజలకు తలుపులు తెరిచినవి. 1895లో స్థాపించిన నేషనల్ ట్రస్టు అటువంటి అనేక గృహాలను కాపాడుతున్నది. హైదరాబాదు రెసిడెన్సీ కూడ ఆ విధంగానే బ్రతికినది. 1949లో అందులో మహిళా కళాశాల ప్రవేశించినది. స్తంభాలకింద దొరల బండ్లు ఆగినచోట ఆడపిల్లలు పుస్తకాలు పట్టుకొని నిలిచినారు. జీర్ణమైన ఆ భవనాన్ని ఇటీవల ఓపికగా బాగుచేసినారు. 2024లో అక్కడి మహిళా విశ్వవిద్యాలయానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టినారు. పాలకుర్తిలో తన చేనికోసం, తన పంటకోసం విసునూరు దొరను ఎదిరించిన స్త్రీ ఆమె. గడిని ధిక్కరించిన ఆమె పేరు, గడులన్నిటికి పైగడియైన రెసిడెన్సీ నెత్తిమీద నిలిచినది. ఆ ఇంటికి ఇంతకంటె గట్టి మరమ్మతు లేదు.

తెలుగుభాష ఈ విషయాన్ని ముందే గ్రహించినట్లున్నది. గడిలోనివాడు దొర, రెసిడెన్సీలోనివాడు దొర, అండమాను మిట్టమీదివాడు దొర. మన్యపు మల్లుదొర కూడ దొరే. అతడు మాత్రం ఒకప్పుడు ఆ జైలులోనే ఉన్నాడు. ఇంగ్లీషు నవలలోని మేనరు గృహాన్ని తెలుగులోనికి తెచ్చే రచయిత 'దొర ఇల్లు' అని వ్రాస్తే చాలును. మాట చిన్నదైనా భూమీ, వెట్టీ, భయమూ, మర్యాదా దానివెంట నడిచివస్తవి. అయితే ఇంటిని వర్ణించేటప్పుడు స్తంభాలతో ఆగిపోరాదు. పెన్స్‌హర్స్ట్ వడ్రంగి తన కాలంలోనే కప్పుకింద మోసేవారి రూపాలు చెక్కి పెట్టినాడు. రాస్ దీవిలో కప్పు మోసినవారికి అటువంటి బొమ్మ ఏదీ లేదు. వారి బొమ్మను ఇక మాటలతోనే చెక్కవలె.

రంగత్ పక్క పర్ణశాలలో నేడు ఆకుల కప్పులు పోయి రేకులు, సిమెంటు వచ్చినవి. కుటీరం పోయినా ఊరు ఉన్నది. ఊరు ఉన్నంతవరకు ఆ పేరూ ఉంటుంది. అక్కడ కప్పును మోసేవాడు, కప్పుకింద నిదురించేవాడు ఒక్కడే.